పదిహేడో నంబరు గీతలు

హో పట్టణంలో డావి అఫెఫా కుట్టు దుకాణం బుధవారం మధ్యాహ్నం మూసి ఉంటుందని తెలియని మనిషి లేదు. తెలిసి కూడా వచ్చి తలుపు బాదని మనిషీ లేదు. ఆ ఊళ్ళో అంత్యక్రియలు శనివారం జరుగుతాయి. శనివారం నల్లబట్ట, ఎర్రబట్ట కట్టుకోవాలంటే శుక్రవారానికల్లా కుట్టి చేతికివ్వాలి. అంటే కుట్టుపని చేసేవాళ్ళకి వారం మొత్తంలో ఊపిరాడని రోజు బుధవారమే. సరిగ్గా ఆ రోజే, తిన్న చెయ్యి కడుక్కోగానే, అఫెఫా తలుపుకి తాళం వేసి గొడుగు పట్టుకుని వెళ్ళిపోయేది.

"పోయినవాళ్ళు నీకోసం ఆగుతారా డావీ?" అని ఒకావిడ వీధిలో అడ్డంపడి అడిగింది. డావి అంటే అక్క. ఊళ్ళో సగంమందికి ఆమె అక్కే.

"పోయినవాళ్ళకి తొందరేముందమ్మా, తొందరంతా నీకే," అని అఫెఫా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది.

ఆమెకి యాభయ్యేడేళ్ళు. పదహారో ఏట మిషను ముందు కూర్చుంది, మరి లేవలేదు. కాబా రవికె కుట్టించుకోవాలంటే అఫెఫా దగ్గరే కుట్టించుకోవాలని పెళ్ళికూతుళ్ళ తల్లులు పట్టుబట్టేవారు. మనిషి మాత్రం కాస్త కటువు. కొలత తీసుకుంటున్నప్పుడు కడుపు లోపలికి పీల్చుకున్న ఆడవాళ్ళని తిట్టేది. "ఊపిరి వదులు తల్లీ. నేను కుట్టేది నీ ఒంటికి, నీ ఆశకి కాదు," అనేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళ బట్టలు వారం ఆలస్యంగా ఇచ్చేది.

ఆమెకి ఉన్నదల్లా ఒక్క చెల్లెలు, ఎసినాం. బస్సుల స్టేషను దగ్గర ఆకుల్లో చుట్టిన ఆవిరి రొట్టెలు, వేయించిన చిన్నచేపలు అమ్మేది. అక్క ఎంత కటువో చెల్లెలు అంత నవ్వులమారి. నలభై నాలుగో ఏట ఎసినాంకి అకారణంగా రక్తం పోవడం మొదలైంది. ఆసుపత్రిలో గర్భసంచి ముఖద్వారం దగ్గర్నుంచి కాసిన్ని కణాలు తీసి, గాజు పలక మీద పూసి, పరీక్షకి పంపించారు. ఆ పలకలు చూడగలిగిన డాక్టరు నాలుగైదు జిల్లాలకి కలిపి ఒక్కడే. ఆయన బల్లమీద పలకలు గుట్టలుగా పడి ఉండేవి. ఎసినాం పలక వంతు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఎసినాంని పాతిపెట్టిన మూడు వారాలకి కాగితం వచ్చింది. అందులో, వెంటనే ఆసుపత్రికి రావలెను అని రాసి ఉంది.

ఆ కాగితం చదివి చెప్పింది కఫూయి. అఫెఫా దగ్గర పని నేర్చుకుని, ఎదురు వరసలో సొంత దుకాణం పెట్టుకున్న మనిషి. చదువుతూ చదువుతూ నోట్లో మాట నోట్లోనే ఆపేసింది. అఫెఫా ఏడవలేదు. కాగితం మడిచి రవికెలో పెట్టుకుని, మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమెకి కోపం తప్ప మరేమీ లేదు. ఎవరిమీద కోపమో తెలిస్తే కొంత నయంగా ఉండేది. పాపం ఆ ఒక్క డాక్టరు మీద కోప్పడటానికి కూడా మనసొప్పలేదు. ఆయనకీ ఉన్నవి రెండే కళ్ళు.

రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం, చర్చిలో పాటలయ్యాక, డాక్టర్ సెనా అనే అమ్మాయి లేచి మాట్లాడింది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. సూక్ష్మదర్శినితో కణాల ఫొటోలు తీసే పరిశోధన ఆమెది. చెప్పిందల్లా ఇదీ. ప్రతి కణం పగలకుండా వేయించిన గుడ్డులా ఉంటుంది, మధ్యలో ఊదారంగు గింజ ఒకటి ఉంటుంది. గింజ చిన్నగా ఉంటే మంచిది. గింజ ఉబ్బితే అనుమానించాలి. ఇది చూసి పట్టుకోవడం కంప్యూటరుకి నేర్పితే, డాక్టరు లేని ఊళ్ళో కూడా నర్సు ఫోనుతో ఫొటో తీసి ఆ పూటే సంగతి చెప్పగలదు. కాని కంప్యూటరుకి నేర్పాలంటే ముందు మనుషులు వేలకొద్దీ గింజల చుట్టూ గీత గీసి చూపించాలి.

"చదువు అక్కర్లేదు. డబ్బులివ్వలేం. కళ్ళు కావాలి, ఓపిక కావాలి," అంది సెనా.

అఫెఫా అందరికంటే ముందు లేచి నిలబడింది.

వెనక వరసలోంచి డోగ్బే మాస్టారు దగ్గాడు. బడిపంతులుగా నలభై ఏళ్ళు చేసి విరమించిన మనిషి, నోరు మాత్రం విరమించలేదు. "సూదిలో దారం ఎక్కించడానికి వీధిలో పోయే పిల్లల్ని పిలుస్తావు. కణాలు నీకేం కనిపిస్తాయి అఫెఫా?"

"సూది చిన్నది మాస్టారూ. వాళ్ళు పెద్దది చేసి చూపిస్తామంటున్నారుగా. చెవులు కూడా పెద్దవి చేసే మిషను వస్తే మీకు చెబుతాను."

మొత్తం ఇరవై ఆరుమంది పేర్లిచ్చారు. మాస్టారూ ఇచ్చాడు. పేర్ల బదులు నంబర్లు పెట్టారు. అఫెఫాది పదిహేడు.

చర్చి వెనక హాల్లో పలకంత ట్యాబ్లెట్ ఫోన్లు పన్నెండు, వాటి తెరమీద గీయడానికి పెన్సిలులాంటి పుల్లలు పెట్టారు. మొదటి బుధవారం సెనా నేర్పించింది. "ఫొటోలో గింజ కనిపిస్తుంది. దాని చుట్టూ గీత గీయండి. మీ గీతను పట్టుకుని కంప్యూటరు గింజను కత్తిరించి పక్కన పెట్టుకుంటుంది."

అఫెఫా చెయ్యెత్తింది. "కత్తిరించేది కంప్యూటరేనా? దాని చెయ్యి నిలకడగా ఉంటుందా?"

అందరూ గొల్లున నవ్వారు. సెనా కూడా నవ్వి, "చాలా నిలకడగా ఉంటుంది డావీ," అంది.

అఫెఫా నమ్మలేదు. తన చెయ్యి నిలకడైనదని చెప్పుకున్న కత్తెరవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. పైకి ఏమీ అనకుండా పుల్ల పట్టుకుని గీయడం మొదలుపెట్టింది. ఆ రోజు అందరి గీతలూ వంకరటింకరగా పోయాయి కాబట్టి ఎవరి గీత ఎక్కడుందో ఎవరూ పట్టించుకోలేదు.

అలా ఏడు నెలలు గడిచాయి. మొదటి నెలలో పదిమంది మానేశారు. పెళ్ళిళ్ళనీ, పొలమనీ, కళ్ళు లాగుతున్నాయనీ అన్నారు. అఫెఫా ఒక్క వారం కూడా మానలేదు. ఒంట్లో జ్వరం పెట్టుకుని కూడా వచ్చి కూర్చుంది. ఒక్కో ఫొటో ఒక్కో ఆడమనిషిదని ఆమెకి తెలుసు. పేరుండదు, ఊరుండదు, ఒక అంకె మాత్రం ఉంటుంది. అయినా మనిషి మనిషే. అందుకని గీసేముందు నెమ్మదిగా, "కదలకు తల్లీ, కొలత తీసుకోనీ," అనేది. పక్క కుర్చీలో మాస్టారు, "ఫొటో ఎక్కడికి కదులుతుందే?" అని విసుక్కునేవాడు. అఫెఫా పట్టించుకునేది కాదు.

ఆ ఏడు నెలల్లో ఆమె కోపం కొంచెం కొంచెంగా తగ్గింది. ఎసినాం గురించి తాను ఏదో చేస్తున్నానన్న ధైర్యం వచ్చింది. ఎవరికీ చెప్పలేదుగాని, ప్రతి బుధవారం హాలు మెట్లెక్కుతూ, ఇది నీకోసమే పిల్లా అనుకునేది. పదకొండు వందల నలభై గింజలు గీసింది. ఆ లెక్క మంచం పక్క గోడమీద సుద్దతో అడ్డగీతలుగా వేసుకుంది.

ఎనిమిదో నెల మొదటి బుధవారం హాలు గోడకి ఒక కాగితం అంటించి ఉంది. సెనా దగ్గర పనిచేసే కుర్రవాడెవడో అంటించాడు. ప్రతి గింజనీ ఐదుగురితో గీయిస్తారు. ఆ ఐదు గీతల్నీ కంప్యూటరు పోల్చి చూస్తుంది. అస్తమానూ మిగిలినవాళ్ళతో కలవని గీతలెవరివో వాళ్ళని అజాగ్రత్త మనుషులుగా లెక్కవేసి పక్కకి తోసేస్తుంది. ఆ కాగితం మీద ఎర్ర అక్షరాల్లో రెండు నంబర్లున్నాయి. ఒకటి నాలుగు. నాలుగో నంబరు మనిషి రెండో వారంలోనే మానేశాడు. రెండోది పదిహేడు.

డోగ్బే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. "పదిహేడో నంబరు గీతలన్నీ కొట్టివేయబడ్డాయి. గింజ కంటే గీత పెద్దది." ఆపైన నోరు ఊరుకోలేదు. "ఏం అఫెఫా, నీ గింజలన్నీ ఐదో నెల కడుపుతో ఉన్నాయంట!"

హాలంతా నవ్వింది. మామూలుగా అయితే అఫెఫా ఒక మాటకి రెండు మాటలు అప్పజెప్పేది. ఆ రోజు నేరుగా కాగితం దగ్గరికి వెళ్ళింది. నంబర్లు చదవడం ఆమెకి వచ్చు. పదిహేడు పదిహేడేనా అని చూసుకుంది. గొడుగు తీసుకుంది. మాస్టారికి అప్పుడు అర్థమైంది, మాట తప్పు చోట పడిందని. "సరదాకన్నాను. కూర్చో, కూర్చో," అంటూ వెనక వచ్చాడు. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

ఇంటికెళ్ళి గోడమీది సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచేసింది. అవమానం ఒకెత్తు. అది ఆమె దులిపేసుకోగలదు. కాని పదకొండు వందల నలభై గింజలూ చెత్తలో పడితే, ఎసినాంకోసం తాను చేసింది ఏమీ లేనట్టే కదా. ఆ మాటే ఆమెని లోపల్నుంచి తినేసింది.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం దుకాణం తెరిచే ఉంది. వీధివాళ్ళు వింతగా చూసి పోయారు. కఫూయి తన దుకాణం వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, ఇవాళ బుధవారం."

"నాకు తెలుసు."

"ఒంట్లో బాగాలేదా?"

"నీ దుకాణంలో పనిలేదా?"

కఫూయి కదల్లేదు. అంతలో డాక్టర్ సెనా సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటి వచ్చింది. అఫెఫా ఆమెని కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగాక ఇంట్లో అందరూ క్షేమమా, దారి క్షేమమా అని అడిగింది. కోపం ఉన్నా మర్యాద మర్యాదే. ఆ తర్వాతే, "ఏం పనిమీద వచ్చావమ్మా?" అంది.

"క్షమించమని అడగడానికి వచ్చాను డావీ. ఆ కాగితం గోడకి అంటించాల్సింది కాదు. నేను ఊళ్ళో లేను. ఇంత శ్రద్ధగా వచ్చిన మనిషికి నేనే వచ్చి చెప్పాల్సింది."

"అంటే తప్పు నిజమేగా?"

సెనా తల వంచుకుంది. "నిజమే. మీ గీతలన్నీ గింజకి బయట ఉన్నాయి. గింజ పెద్దదైతే రోగమని చెప్పాను కదా. మీ గీతలు చూపించి నేర్పితే కంప్యూటరు బాగున్నవాళ్ళని కూడా రోగులనే అంటుంది. మీ లెక్క ప్రకారం హో ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న ఆడదే లేదు."

"అయ్యో," అంది కఫూయి. ఎంతమంది ఆడవాళ్ళని హడలగొట్టి ఉండేదాన్నో అనుకుంది అఫెఫా. ఎదుటి మనిషి ముఖం చూడలేక, బల్లమీది గుడ్డ వైపు తిరిగింది. అది పాటలబృందం ఆడవాళ్ళ నీలిగుడ్డ. సుద్దతో గీత గీసి ఉంది. కత్తెర తీసుకుని కోయడం మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే కళ్ళు ఊరుకుంటాయి.

సెనా ఏదో సర్దిచెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. ఆమె కత్తెర వైపే చూస్తోంది.

"డావీ, మీరు గీత మీద కోయడం లేదేంటి?"

అఫెఫా ఆశ్చర్యపోయి చూసింది. కఫూయికి నవ్వాగలేదు. "గీత మీద కోస్తే కుట్టేదెక్కడమ్మా, గాల్లోనా? అంచు వదలొద్దూ?"

"ఎంత వదులుతారు?"

"గుడ్డకయితే బొటనవేలి గోరంత," అంది అఫెఫా.

"గుడ్డకయితే?" సెనా లేచి నిలబడింది. "మరి ఫొటోలకి?"

"అవి చిన్నవి కదా. అర గోరు చాలనుకున్నాను."

సెనా రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుంది.

"గింజ అంచు మీద గీయమన్నాను కదా డావీ!"

"చుట్టూ గీయమన్నావు. దాన్ని పట్టుకుని కత్తిరిస్తామన్నావు," అఫెఫా ఒంటికాలిమీద లేచింది. "అంచు మీదే గీస్తే, కత్తిరించేవాడి చెయ్యి ఒక్క వెంట్రుకవాసి లోపలికి పోయినా గింజ తెగిపోదా? తెగిన గుడ్డని ఎవరతికిస్తారు? కొత్త కత్తెరకి కాస్త వదిలి గీయాలని పదహారేళ్ళ పిల్లకి కూడా తెలుసు. నీ కంప్యూటరు చెయ్యి నేనేమైనా చూశానా?"

సెనా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నీలిగుడ్డ మీదే పెట్టింది. గుడ్డ నలిగిపోతుందని అఫెఫా మూలిగినా వినిపించుకోలేదు. పదిహేడో నంబరు గీసిన మొదటి ఫొటో తెరిచింది. ఊదారంగు గింజ, దానికి కొంచెం ఎడంగా అఫెఫా గీత. సెనా ఏవో అంకెలు నొక్కింది. గీత అన్ని వైపులా సమానంగా లోపలికి జరిగింది. జరిగి జరిగి సరిగ్గా గింజ అంచు మీద ఆగింది. ఎక్కడా సందు లేదు, ఎక్కడా లోపలికి పోలేదు.

"ఒక్కటి కుదిరితే కాదు," అని తనలో తాను అనుకుని రెండోది తెరిచింది. అదే అర గోరు. పదోది, అరవయ్యోది, మూడు వందల పన్నెండోది, అన్నీ అంతే. అప్పటికి బట్టలకోసం వచ్చినవాళ్ళు ఇద్దరు కూడా వీధిలోంచి లోపలికి దూరి మెడలు చాచి చూస్తున్నారు. బట్టల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒక్కో గీత అంచుమీదికి వచ్చి ఆగినప్పుడల్లా కఫూయి చప్పట్లు కొట్టింది.

"జ్వరం వచ్చిన రోజువి చూడు," అంది అఫెఫా.

అవీ చూశారు. జ్వరంలో కూడా చెయ్యి తప్పలేదు. కాని జూన్ నెలలో ఒక బుధవారం గీసినవి కుదరలేదు. కొన్నిచోట్ల గీత గింజలోకి పోయింది, కొన్నిచోట్ల దూరంగా పోయింది.

"ఆ రోజేమైంది?"

"మా ఎసినాం పోయిన తేదీ అది," అంది అఫెఫా. "ఇంట్లో కూర్చోలేక వచ్చాను. రాకుండా ఉండాల్సింది."

సెనా ఆ రోజు ఫొటోలు లెక్కపెట్టింది. "ఆ ముప్పై ఎనిమిదీ తీసేద్దాం డావీ. మిగిలిన పదకొండు వందల రెండూ నాకు కావాలి." అంటూ కళ్ళు తుడుచుకుంది. "ఇరవై ఆరుమందిలో ఇంత నిలకడ చెయ్యి ఇంకొకటి లేదు. తప్పు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటే అది దిద్దుకోవడం ఒక్క నిమిషం పని. రోజుకో రకంగా పోయే తప్పుకే మందు లేదు. దీన్నా మేం చెత్తలో వేయబోయింది!"

అఫెఫా అప్పుడు ఏడ్చింది. చెల్లెలు పోయినప్పుడు రాని ఏడుపు, కాగితం వచ్చినప్పుడు రాని ఏడుపు, నలుగురి ముందూ వచ్చేసింది. చూసినవాళ్ళెవరూ ఆమె తప్పు దొరికిపోయినందుకు ఏడుస్తోందనుకోలేదు. ఆ మాత్రం తెలివి ఆ వీధికి ఉంది.

ఇకనుంచి అంచు మీదే గీయమని సెనా అడిగింది. అఫెఫా అక్కడికక్కడే ప్రయత్నించి చూసింది. నాలుగు గింజలు గీసేసరికి చెమటలు పట్టాయి, గీతలు వణికాయి. "నావల్ల కాదమ్మా. మనిషి ఒంటిమీద కత్తెర పెట్టినట్టుంది," అని పుల్ల పక్కన పెట్టేసింది. దాంతో సెనా తన పద్ధతే మార్చుకుంది. పదిహేడో నంబరు నుంచి ఏ గీత వచ్చినా అర గోరు లోపలికి జరపమని కంప్యూటరుకే చెప్పి పెట్టింది.

మరుసటి బుధవారం హాల్లో సెనా అందరి ముందూ సంగతంతా చెప్పింది. ఎవరి చెయ్యి ఎంత నిలకడో వరసగా చదివింది. మొదట పదిహేడు వచ్చింది. డోగ్బే మాస్టారి పదకొండో నంబరు కోసం చాలాసేపు కాచుకోవాల్సి వచ్చింది. మాస్టారి గీతలు రెండింటి దాకా అంచు మీద బుద్ధిగా నడిచి, రెండు దాటాక ఎటుబడితే అటు పోయాయట.

"మాస్టారూ, మీ గీతలు అన్నం తిని పడుకున్నాయంట," అంది అఫెఫా.

మాస్టారు నవ్వే లోపలే నలుగురూ నవ్వేశారు. ఆయన లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, అక్కడి మర్యాద ప్రకారం విడిచేటప్పుడు వేళ్ళతో చిటిక వేసి వదిలాడు. "నలభై ఏళ్ళు పిల్లల్ని గీత మీద రాయమని బెత్తం పుచ్చుకుని చావగొట్టాను. నువ్వు నా బళ్ళో పడి ఉంటే నీ చెయ్యి పాడుచేసి ఉండేవాణ్ణి," అన్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయన జన్మలో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర గీశారు. కంప్యూటరు గీసిన గీతల్ని మళ్ళీ మనుషులు చూసి దిద్దారు. చివరికి అడాక్లు కొండకింద ఊళ్ళోని చిన్న ఆరోగ్యకేంద్రంలో మొదటిసారి వాడి చూద్దామనుకున్నారు. ఒక గురువారం పొద్దున్న సెనా అఫెఫానీ మాస్టారినీ వ్యాన్లో ఎక్కించుకుని తీసుకెళ్ళింది. మాస్టారు దారిలోనే గుర్రుపెట్టాడు.

రేకుల వసారాలో పన్నెండుమంది ఆడవాళ్ళు బెంచీలమీద కూర్చున్నారు. నర్సు ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, పలక మీద కణాలు పూసి, సూక్ష్మదర్శినికి ఫోను తగిలించి చూస్తోంది. కంప్యూటరు చెప్పింది తనూ ఒకసారి చూసుకుని, ఆ పూటే కాగితం చేతికిస్తోంది. పదకొండుమంది కబుర్లు చెప్పుకుంటూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. పన్నెండో ఆవిడ చాలాసేపు లోపలే ఉండి బయటికి వచ్చింది. పేరు కొకుయి. మిరపకాయల వ్యాపారం. పక్కనే ఆమె బుట్ట ఉంది. కాగితాన్ని విసనకర్రలా ఊపుకుంటూ అఫెఫా పక్కన కూలబడింది.

"ఏమన్నారు?" అంది అఫెఫా.

"సోమవారం హో ఆసుపత్రికి రమ్మన్నారు. ఏదో చిన్న మచ్చంట, ఇప్పుడే అయితే ఒక్క పూటలో తీసేస్తారంట." మూతి తిప్పింది. "నేను వెళ్ళను."

"ఎందుకని?"

"సోమవారం సంత. అయినా ఇదేం పరీక్ష? గంట కూడా పట్టలేదు. మా పిన్నికి నాలుగు నెలలు చూసి చెప్పారు. వీళ్ళు ఫోనెత్తి ఫొటో తీసి, రోగముందనేశారు. అసలు సరిగ్గా చూశారో లేదో!"

ఇన్నాళ్ళ కష్టం ఈమె మాటతో మిరపకాయల బుట్టలో పడి సంతకి పోయేలా ఉంది. అఫెఫాకి కోపం వచ్చింది. తిడదామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. కాని గాలి బాగా వీస్తున్నా ఆ మనిషి కాగితం ఊపుతూనే ఉండటం చూసింది. భయపడ్డవాళ్ళే అలా మాట్లాడతారు.

"సరిగ్గానే చూశాం," అంది.

కొకుయి ఆమెని పైనుంచి కిందదాకా చూసింది. "నువ్వు డాక్టరువా?"

"కాదు. బట్టలు కుడతాను."

"మరి నువ్వేం చూశావు?"

"రెండేళ్ళకి పైగా, ప్రతి బుధవారం. ఒక్కో గింజా. నీ ఫొటో చూసిన మిషనుకి చూడటం నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. తొందరగా చెప్పారంటే అజాగ్రత్తగా చూశారని కాదు చెల్లీ. నీకోసం ముందే చూసిపెట్టాం." ఆపైన ఎసినాం సంగతి చెప్పింది. ఐదు నెలలని చెప్పింది. కాగితంలో ఏం రాసి ఉందో చెప్పింది. ఎప్పుడు వచ్చిందో చెప్పింది. అంతవరకూ బయటివాళ్ళెవరికీ చెప్పని మాట అది.

కొకుయి కాగితం ఊపడం ఆపేసింది. తర్వాత బుట్ట ఎత్తుకుని లేచింది. వస్తాననలేదు, రాననలేదు.

"సోమవారం పొద్దున్న ఏడింటికి బస్సుల స్టేషన్లో ఉంటాను," అని అఫెఫా వెనకనుంచి కేకేసింది.

సోమవారం ఆరున్నరకే వెళ్ళి నిలబడింది. ఏడింటి వ్యాను వచ్చింది. అందులో కొకుయి లేదు. ఏడున్నరకి వచ్చిందాంట్లోనూ లేదు. కఫూయి వచ్చి, "మేడమ్, ఆవిడ రాదు, ఎండెక్కుతోంది," అంది. అఫెఫా వినలేదు. ఎనిమిదింటి వ్యానులోంచి ముందు మిరపకాయల బుట్ట దిగింది, తర్వాత కొకుయి దిగింది. దిగుతూనే దండకం ఎత్తుకుంది.

"ఇదిగో, వచ్చాను. సంత పోగొట్టుకుని వచ్చాను. అక్కడ ఏమీ లేదని చెప్పారో, నీ సంగతి చూస్తాను."

"చూద్దువుగానిలే. పద."

ఆసుపత్రి వైపు నడుస్తూ అఫెఫా ఆ కాగితం ఒకసారి ఇవ్వమని అడిగింది. రాసిందేమిటో చదవడం ఆమెకి రాదు. అంకెలు మాత్రం చదవగలదు. పైన మూలన ఉన్న తేదీ చూసింది. కాగితం వచ్చి నాలుగు రోజులే అయింది. కాగితం జాగ్రత్తగా మడిచి ఆమె చేతిలో పెట్టి, బుట్టకి ఒక పక్క తను పట్టుకుంది.